వినవు అయ్యా

ఈ పత్రం చివర సంతకం చేయబోతున్న నేను, వయస్సు డెబ్బై మూడు సంవత్సరాలు, అచ్చాఫీసులో నలభై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్ది విశ్రాంతి తీసుకున్నవాడిని, పూర్తి తెలివితో, నిలకడైన మనసుతో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. నా తెలివి బాగానే ఉందని డాక్టరు రాసి ఇచ్చారు. ఆ కాగితంలో రెండు అచ్చుతప్పులున్నా జతపరిచాను. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు కనుక రద్దు చేయవలసింది ఏమీ లేదు. ఇది నా తదనంతరమే అమల్లోకి వస్తుంది.

1. నా స్వార్జితమైన ఇల్లు, అంటే హాలు, పడకగది, వంటిల్లు, వెనక వరండా, నా ఏకైక కుమార్తెకు దానవిక్రయాది సర్వహక్కులతో చెందాలి. ఆమె అందులో ఉండవచ్చు, అమ్మవచ్చు, తాళం వేసి వదిలేయవచ్చు. ఇంటిని ప్రార్థన మందిరానికి రాసిస్తానని నేను మాట ఇచ్చినట్టు ఎవరైనా చెబితే నమ్మవద్దు. మందిరం పెద్దాయన రెండుసార్లు కదిపి చూశారు. నేను నవ్వి ఊరుకున్నాను. నా నవ్వు సంతకం కింద చెల్లదు.

2. మూడు నిఘంటువులు, భూతద్దం, ఎర్ర సిరా కలాలు అచ్చాఫీసులో ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న అమ్మాయికి ఇవ్వాలి. తప్పులు కంప్యూటరు చూసుకుంటుందిలెండి అంటుంది ఆ అమ్మాయి. చూసుకోదు తల్లీ. దానికి ‘మనవి’, ‘మనవడు’ రెండూ సరైన మాటలే. ఏది ఎక్కడ ఉండాలో దానికి పట్టదు.

3. బీరువా పై అరలో ఉన్న పాత ప్రార్థన పుస్తకం మందిరానికి చెందాలి, దానితోపాటు ఈ ఒప్పుకోలు కూడా. ఇరవై ఆరేళ్ల కిందట మందిరంవాళ్లు ఆ పుస్తకాన్ని మా ప్రెస్సుకు ఇచ్చి, పెద్దవాళ్లు చదువుకోవడానికి వీలుగా అక్షరాలు పెద్దవి చేసి, కలిసిపోయిన మాటలు విడగొట్టమన్నారు. అప్పట్లో మూలం పైకి చదివేది మా ఆవిడ, ప్రూఫు దిద్దేది నేను. అంతకు ఎన్నో ఏళ్ల ముందు అలా ఎదురెదురుగా కూర్చుని పనిచేస్తూనే మేము పెళ్లి దాకా వెళ్లాం. “నా మొర వినవయ్యా” అన్న వరుస రాగానే నేను “వినవు అయ్యా” అని విడగొట్టాను. ఆవిడ చదవడం ఆపింది. “అది వినమని బతిమాలడమండీ, వినడం లేదని దెప్పడం కాదు” అంది. నేను దేవుణ్ణి నమ్మనివాణ్ణి, పైగా వ్యాకరణం నా జేబులో ఉందని గర్వం. విడగొట్టింది అలాగే అచ్చుకు వెళ్లింది. కొత్త అచ్చు వచ్చేదాకా తొమ్మిదేళ్లపాటు మందిరమంతా గొంతెత్తి, నువ్వు మా మాట వినవని దేవుడి మొహం మీదే పాడింది. మా ఆవిడ కూడా అలాగే పాడింది. నేను ఎగతాళి చేస్తే, “వినవు అని ఎవరితో అంటామండీ? ఎదురుగా ఉన్నవాళ్లతోనేగా” అంది. జవాబు లేక తప్పించుకుంటోంది అనుకున్నాను.

4. వంటింట్లోని ముక్కాలి పీట కూడా నా కుమార్తెకే. మందిరానికి వెళ్తే వెళ్లు గానీ ఇంట్లో మాత్రం ప్రార్థనలు వద్దని పెళ్లయిన కొత్తలో నేను నియమం పెట్టాను. ఎప్పుడూ అరవలేదు. పుస్తకం కంటబడితే ఒక నవ్వు నవ్వేవాణ్ణి, అది చాలేది. ఆవిడ వంటింటి తలుపు దగ్గరగా వేసి, కుళాయి తిప్పి, ఆ పీట మీద కూర్చుని ప్రార్థించుకునేది. ముప్పై ఏళ్లు ఆమెకు దొరికింది బకెట్ నిండేంత సమయమే. నా కూతురు చిన్నప్పుడు ఆ తలుపు బయట కూర్చుని హోంవర్కు చేసుకుంటూ, నేను వస్తుంటే దగ్గేది. పిల్లకు జలుబు తగ్గడం లేదని నేను సీసాలకు సీసాలు మందు తెచ్చి తాగించాను.

5. మందిరం పెద్దాయనకు నా గొడుగు. కారణం చెబుతాను. మా ఆవిడ పోయిన నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, పంచదార డబ్బా కోసం వంటిల్లంతా గాలించి, విసుగొచ్చి, “ఎన్నిసార్లు పిలిచినా వినవు!” అని గట్టిగా అన్నాను. ఆవిడ ఉన్నప్పుడు రోజూ అన్న మాటే. అన్నాక డబ్బా వెతకడం ఆపాను. ఆ గదిలో నా మాట విన్నవారున్నారు. అది మా ఆవిడ కాదు. ఆవిడ లేదన్న సంగతి ఆ క్షణంలో తెలిసినంత బాగా అంతకుముందు ఏ రోజూ తెలియలేదు. వెలుగు రాలేదు, గొంతు వినబడలేదు. ఎదుటివాళ్లు వింటున్నారో లేదో మాట్లాడేవాడికి తెలుస్తుంది, అంతే. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. హాయిగా ఉంది, సిగ్గుగానూ ఉంది.

ఆ వారమే మందిరానికి వెళ్లాను. నిజం చెప్పాలంటే వాదించడానికే. చివరి వరసలో కూర్చున్నాను. మైకు చెవులు చిల్లులు పొడిచింది, పెద్దాయన ఒకే కథ మూడుసార్లు చెప్పారు. అయినా మానలేదు. వంటింట్లో నాకు తెలిసినదానికి మాటల్లేవు. దానితో రోజూ ఎలా బతకాలో, పొద్దున్నే లేచి ఏమనుకోవాలో, ఏడ్చేవాళ్ల పక్కన నోరు మూసుకుని ఎలా కూర్చోవాలో అక్కడివాళ్లే నేర్పారు. వాన పడితే పెద్దాయన నన్ను ఈ గొడుగు కింద ఇంటిదాకా దింపి, తాను తడుస్తూ వెళ్లేవారు. మైకు విషయంలో మాత్రం ఆయన్ని క్షమించలేదు.

6. ఈ వీలునామా అమలు బాధ్యత ఎదురింటి దర్జీకి అప్పగిస్తున్నాను. చొక్కా విషయంలో చెప్పిన రోజుకు ఎన్నడూ ఇవ్వలేదు గానీ, మనిషి నమ్మకస్తుడు.

7. మూడేళ్ల కిందట నేను హాల్లో కూర్చుని ప్రార్థించుకుంటుండగా నా కూతురు వచ్చి చూసింది. “అమ్మను వంటింట్లో దాక్కోబెట్టి, ఇప్పుడు నువ్వు దర్జాగా హాల్లో కూర్చున్నావా నాన్నా?” అంది. సంచి తీసుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఫోను చేస్తే మందులు వేసుకున్నావా అని అడుగుతుంది, ఆపైన మాట పెంచదు. దేవుడు నన్ను క్షమించాడని ఆమెకు ఉత్తరం రాశాను. ఒకే ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది: “తలుపు బయట కూర్చుంది ఆయన కాదు, నేను.” అందులో దిద్దడానికి నాకేమీ కనబడలేదు.

అమ్మా, మిగతాది నీకే రాస్తున్నాను. దేవుడి క్షమాపణను అడ్డం పెట్టుకుని నీ దగ్గర తప్పించుకోవాలని చూశాను. నేను మీ అమ్మ నోరు నొక్కాను. నిన్ను పసితనంలోనే కాపలా కూర్చోబెట్టాను. తప్పు నాది. మీ అమ్మను అడగలేను కనుక ఇద్దరి తరఫునా నిన్నే అడుగుతున్నాను, నన్ను క్షమించు. క్షమించకపోయినా ఇల్లు నీదే. దేవుణ్ణి నమ్మకపోయినా నీదే. నన్ను సాగనంపేటప్పుడు మందిరంవాళ్లు ప్రార్థన చేస్తారు, నీకు నిలబడబుద్ధి కాకపోతే నిలబడవద్దు, నిన్ను ఎవరూ ఏమీ అనకూడదని పెద్దాయనకు చెప్పి ఉంచాను. ఈ పేరా ఆస్తికి సంబంధించింది కాదని, తీసేయమని లాయరు అన్నారు. తీయలేదు. నా దగ్గర నుంచి నీకు న్యాయంగా రావలసింది ఇదొక్కటే.

పై విషయాలన్నీ నేనే రాసి, పైకి చదువుకుని, సరి అనుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: జూన్ పదకొండు, గురువారం, ఉదయం పదిన్నర.

(సంతకం) విశ్రాంత ప్రూఫ్‌రీడరు

సాక్షులు:
1. (సంతకం) ప్రెస్సు ఫోర్‌మన్
2. (సంతకం) పక్కింటి పాలవాడు