పంపు అడుగున రంధ్రం

1987 ఫిబ్రవరి 9

పసుపు కొట్టు సేటు కారు మళ్లీ నా షెడ్డుకు వచ్చింది. నీళ్లు తగ్గుతున్నాయి. వేల్పూర్ పోయి వచ్చేలోపే అర బిందె తాగిందట.

రాజన్న బావ బానెట్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆరేళ్లుగా అదే కారు నడుపుతున్నాడు. అది దగ్గితే ఎందుకు దగ్గిందో చెప్పగలడు.

"ముంగట సన్నగ కూత వస్తుంది బామ్మర్ది. నీళ్ల పంపేమో, జర చూడు."

చాయ్ బండి దగ్గర మార్కెట్ వాళ్లు నలుగురు. వింటున్నారు.

"నువ్వు స్టీరింగు పట్టు బావా. పానా నాకిడువు" అన్నాను.

వాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వాడు.

రేడియేటర్ కారుతోందని తేల్చేశాను. నాలుగు చెంచాల పసుపు అందులో పోశాను. ఈ ఊళ్లో ఏ కారు కారినా ముందు చేసేది అదే. వేడి నీళ్లలో పసుపు ఉబ్బి సన్న చీలికల్లో కూరుకుంటుంది. పంపు ఇరుసుకే బిగించి ఉండే ఫ్యాన్ రెక్క పట్టుకుని ఊపి చూసి ఉంటే పంపు సంగతి తెలిసేది. అర నిమిషం పని. చూడలేదు.

ఫిబ్రవరి 10

కారు రాలేదు. మంచిదే.

ఫిబ్రవరి 12

వచ్చింది. "ఇంక తగ్గుతనే ఉన్నయి" అన్నాడు బావ, తప్పు తనదైనట్టు.

బావను చాయ్‌కి పంపి కారు కింద దూరాను. రేడియేటర్ పొడిగా ఉంది. పంపు అడుగున, చిన్న రంధ్రం నుంచి కిందికి పసుపు చార... తడి చార. నేను పోసిన పసుపే దారి చూపింది.

పంపు లోపల సీలు అరిగితే, కారిన నీళ్లు బేరింగు మీదికి పోకుండా బయటికి పోవడానికే ఆ రంధ్రం. అది కారిందంటే పంపు విప్పాలి. పని నేర్చుకున్న మొదటి నెలలోనే చెప్పారు ఈ మాట.

ఫ్యాన్ ఊపాను. బియ్యపు గింజంత కదిలింది.

బావ చెప్పిందే నిజం. చాయ్ బండి దగ్గర అదే నలుగురు. బావ వాళ్లతో అంటున్నాడు— "మా బామ్మర్ది చెయ్యి వడ్డదంటే ఇగ ఫికర్ లేదు..."

పొద్దున పళ్లు తోముకున్న వేపపుల్ల గోడ మీద ఉంది. ముక్క విరిచి, చాకుతో మొన చెక్కి, ఆ రంధ్రంలో పెట్టి పానాతో రెండు దెబ్బలు కొట్టాను. కారడం ఆగింది.

"ఏమాయె?" అన్నాడు బావ.

"ఏం లేదు. గొట్టం క్లిప్పు వదులయింది."

నాలుగు రోజుల్లో నిజామాబాద్ పోయి సీలు, బేరింగు తెచ్చి, ఎవరూ లేని పూట మార్చేద్దామనుకున్నాను. ఇప్పుడే ఇలా రాసుకుంటున్నానా, అప్పుడు నిజంగా అనుకున్నానా... అనుకున్నాను.

ఫిబ్రవరి 14

నిజామాబాద్ పోలేదు. జీపు గేర్‌బాక్సు పని.

ఫిబ్రవరి 17

పోలేదు. పని కూడా లేదు.

ఫిబ్రవరి 19

సేటు తల్లికి కంటి ఆపరేషన్. రేపు పొద్దున హైదరాబాద్ ప్రయాణం. ముసలామెను కూర్చోబెట్టుకుని పోవాలి కదా అని బావ కారు తెచ్చి చూపించాడు.

"నీళ్లు ఒక్క చుక్క తగ్గలే. గని కూత మస్తు పెరిగింది."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఒక్క పూట ఆపితే చాలు. ఇంకో కారు దొరికేది.

"బెల్టు బావా" అన్నాను. బెల్టుకు సబ్బు రాసి పంపాను.

ఫిబ్రవరి 20

మధ్యాహ్నం నుంచి రోడ్డు వైపే చూస్తున్నాను.

ఫిబ్రవరి 21

నిన్న కారు కామారెడ్డి దాటాక ఆగిపోయింది. బేరింగు పట్టేసి, ఇరుసు విరిగి, ఫ్యాన్ వెళ్లి రేడియేటర్‌ను కోసింది. బావ బానెట్ ఎత్తగానే మరిగే నీళ్లు కుడి చేతి మీద చిమ్మాయి. ముసలామె రోడ్డు పక్కన ఎండలో గంటన్నర కూర్చుందట. ఎవరో లారీ ఆపి వెనక్కి తీసుకొచ్చారు. ఆపరేషన్ ఇంకో నెలకు పోయింది.

కారును కట్టి లాగి నా షెడ్డుకే తెచ్చారు. ఇంకెక్కడికి తెస్తారు.

వెనకాలే సేటు. బావ చేతికి బట్ట చుట్టుకుని వచ్చాడు. మోచేతి దాకా.

"వేడి ముల్లు ఎర్రకు పోయేదాంక ఏం జేస్తున్నవ్? కండ్లు మా అమ్మకు పోయినయా, నీకు పోయినయా?" సేటు గొంతు మార్కెట్ దాకా వినిపించి ఉంటుంది.

"ముల్లు మంచిగనే ఉండె సేటు. ఒక్కసారే పటేల్మన్నది."

బావ చెప్పింది అక్షరాలా నిజం. నీళ్లు నిండుగా ఉన్నాయి. ముల్లు ఎందుకు లేస్తుంది.

సేటు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు నర్సయ్యా. చెప్పకుంట పోతదా గిట్ల?"

"చూసుకోవాలె సేటు..."

రెండే మాటలు. బావ నా వైపు చూశాడు. తర్వాత తన చేతి వైపు చూసుకున్నాడు.

ఫిబ్రవరి 22

పంపు విప్పాను. చాయ్ బండి ఇంకా రాకముందే.

పుల్ల అలాగే ఉంది. నీళ్లు పీల్చి లావెక్కి, పసుపు రంగు తిరిగి, బిగుసుకుపోయి ఉంది. పట్టకారుతో లాగితే వచ్చింది. నా చాకు గాటు కూడా కనిపిస్తోంది. వెనక బేరింగు నిండా తుప్పు నీళ్లు. బయటికి పోవలసిన నీళ్లన్నీ నేనే లోపలికి మళ్లించాను.

పుల్ల చొక్కా జేబులో వేసుకున్నాను. పారేయడానికి చోటు కనబడలేదు. ఇంత పెద్ద ఊళ్లో.

ఫిబ్రవరి 23

నిజామాబాద్ పోయాను. బస్సులో పోయి రావడానికి ఒక్క పూట. బేరింగు, ఇరుసు, సీలు, గాస్కెట్ కాగితం. అన్నీ మొదటి దుకాణంలోనే దొరికాయి.

ఫిబ్రవరి 25

పంపు బిగించాను. సీలు తిన్నగా కూర్చుందో లేదో మూడుసార్లు చూశాను. రంధ్రంలో తీగ ఆడించాను. బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగుతోంది. గంటసేపు ఇంజను నడిపి కింద కాగితం పరిచాను. చుక్క లేదు. కూత లేదు. ఇంత బాగా ఏ పనీ చేయలేదు ఈ మధ్య.

రేడియేటర్ అతికించడం నిన్ననే పాత బస్టాండు దగ్గర చేయించాను. "ఎంత పసుపు వోసినవన్నా, కూర వండుతున్నవా?" అన్నాడు అతికించేవాడు.

ఫిబ్రవరి 26

కారు తీసుకుపోవడానికి బావ రాలేదు. ముప్కాల్ నుంచి ఎవరో కొత్త డ్రైవరు. తాళంచెవి ఇచ్చాను.

ఫిబ్రవరి 28

అక్క వచ్చింది. చేటలో బీడీ ఆకు, కత్తెర అలాగే తెచ్చుకుంది. గడప మీద కూర్చుని ఆకు కత్తిరిస్తూనే మాట్లాడింది.

"గా చెయ్యి మానుతది తమ్మీ. గని ఊర్ల జనం డ్రైవరుకు కండ్లు కనవడయట అంటున్నరు. ఆయన బయటికి వోతలేడు."

లోపలికి పోయి ఆమెకు నీళ్లు తెచ్చిచ్చాను.

"సేటు నీ మాట వింటడు. జర చెప్పరాదు."

చెబుతానన్నాను. ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

మార్చి 2

సేటు దగ్గరికి పోయాను. కొట్టు ముందు పసుపు రాశులు, రైతులు. అందరి చేతులూ పసుపే, రాశులు తగిలి నావి కూడా.

సేటు లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. అందరి ముందు. "నర్సయ్య లెక్క పనిమంతుడు ఆర్మూర్ల లేడు. కారు కొత్తదాని లెక్క ఉరుకుతుంది" అన్నాడు. మా వాళ్ల బండ్లన్నీ ఇక నీ దగ్గరికే అన్నాడు.

"రాజన్న బావ..." అన్నాను.

"నీ బావ అని ఒక్క పైస అడగకుంట విడిచిపెట్టిన. లేకుంటే..."

చాయ్ వచ్చింది. తాగాను. లేచి వచ్చాను.

ఇంటికి వెనక బజారులోంచి పోయాను, అక్క వాకిలి తగలకుండా.

మార్చి 3

అక్కకు చెప్పాను— సేటు వినలేదని.

మార్చి 9

బావ షెడ్డుకు వచ్చాడు. చేతి మీద కొత్త చర్మం, గులాబీ రంగులో ముడతలుగా.

"ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తుంది. స్టీరింగు అయితే పాయె బామ్మర్ది. ఇగ పానా నేర్పు."

చాయ్ బండి దగ్గర ఎవరో నవ్వారు. బావ కూడా. నేను నవ్వలేకపోయాను.

మార్చి 11

పని త్వరగా పడుతోంది చేతికి. ఏ బండి వచ్చినా ముందు ఫ్యాన్ రెక్క పట్టుకుని ఊపుతాడు. నేను నేర్పలేదు.

మార్చి 14

వేల్పూర్ జీపు. పంపు కారుతోంది. రేడియేటర్‌లో పసుపు పొయ్యమన్నాడు జీపాయన. "ముందు ఇప్పి చూద్దాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

బావ ఒక్కడే విప్పాడు. పంపు ఒళ్లో పెట్టుకుని, బట్టతో తుడిచి, తిరగేసి అడుగున రంధ్రం చూశాడు.

"గీ తూటు ఎందుకు బామ్మర్ది?"

"నీళ్లు కారితే మనకు తెలవాలె గదా. అందుకు."

"మరి మూసుకపోతే?"

ఆ రోజు జేబులోంచి తీసి డబ్బాలో వేసిన వేపపుల్ల షెడ్డు అరలోనే ఉంది. బావ వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

"మట్టి వడితే మూసుకుంటది... ఒక్కోపాలి."

"మట్టా?"

"ఆఁ."

బావ తీగ తీసుకుని ఆ రంధ్రంలో ఆడిస్తూ కూర్చున్నాడు. చాలాసేపు. నేను చూశాను— అది అప్పటికే శుభ్రంగా ఉంది.