పార్సిలు అందిన మర్నాడు

గుఢియారీ, రాయపూర్
12-10-1999

ప్రియమైన పాల్ మామయ్యకి,

మీ మేనకోడలు విజయకుమారి వందనాలు. మీరు కొత్తది కొనుక్కుని మాకు పంపిన పాత కంప్యూటరు క్షేమంగా చేరింది. దాంతో వచ్చిన అయిదు ఫ్లాపీల్లోని తెలుగు ఫాంట్లు, అదే, అక్షరాల రకాలు, అన్నీ ఎక్కించాను. ఇక్కడి ప్రెస్సుల్లో హిందీ తప్ప దొరకదు. అందుకని క్రిస్మస్‌కి మన తెలుగు చర్చి పాటల పుస్తకం నేనే వేస్తానని పాస్టరుగారికి మాటిచ్చేశాను.

చిక్కేమిటంటే, స్విచ్చి వేసి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తే గానీ తెర వెలగడం లేదు. ఏం చెయ్యమంటారు?

మీ విజయ

తా.క.: ఫోనులోనే అడిగేదాన్ని. నాన్నగారు దానికి తాళం వేసి, చెవి స్నానానికి కూడా వెంట తీసుకెళ్తున్నారు.

ఏలూరు
20-10-1999

చి. విజయకు,

మామయ్య ఆశీస్సులు. మూడు నెలల కంప్యూటరు కోర్సు ఫస్టు క్లాసులో పాసైన నాకు కారణం ఇక్కణ్ణించే కనబడుతోంది. మీ గుఢియారీ బియ్యం మిల్లుల ఊక దుమ్ము! కంప్యూటరుకి గుడ్డ కుట్టి తొడగండి. చెప్పులతో ఆ గదిలోకి ఎవర్నీ రానీకండి, బావగారితో సహా. నువ్వు మాత్రం లోపల ఏదీ కెలక్కు. బి.ఎస్సీ. వేరు, ఇది వేరు.

పాల్ మామయ్య

తా.క.: పాటల పుస్తకం అనగానే మీ అత్త పొంగిపోయింది. పార్సిల్లో మరో పది ఫ్లాపీల తెలుగు ఫాంట్లు పంపుతున్నా. తప్పక ఎక్కించు.

గుఢియారీ
2-11-1999

మామయ్యకి వందనాలు.

మీరు పంపినవన్నీ ఎక్కించాను. గుడ్డ తొడిగాం, అమ్మ దాని మీద గులాబీలు కూడా కుట్టింది. ఇప్పుడు టీ కాదు, స్విచ్చి వేసి ఎసరు పెడితే గంజి వార్చే వేళకి తెర వస్తోంది. చెప్పులు విప్పించినందుకు నాన్నగారు మండిపడ్డారు. "డిసెంబరు ఒకటికల్లా ఇది బాగుపడకపోతే మిల్లు సేఠ్‌కి ఇచ్చేస్తా. నువ్వు కుట్టుమిషను క్లాసుకి పో!" అన్నారు. పుస్తకంలో ఇప్పటికి నాలుగు పాటలే అయ్యాయి. మామయ్యా, నాకు గుండీలు కుట్టడం కూడా రాదు.

విజయ

తా.క.: కొత్తవాటిలో ఒక ఫాంటులో 'క్ష' చూస్తే పీత గుర్తొస్తోంది.

ఏలూరు
10-11-1999

చి. విజయకు,

దుమ్ము కాదన్నమాట, నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నా. మీ ఇంటి వెనక రైలు పట్టాలు! గూడ్సు వెళ్ళినప్పుడల్లా అదిరి యంత్రం బెదిరిపోతోంది. కింద ఒక రజాయి, చుట్టూ ఒక రజాయి వెయ్యండి. కెలక్కు.

మామయ్య

తా.క.: పీత 'క్ష' బాగుండకపోతే ఇంకొకటి ఎంచుకో. పార్సిల్లో పదిహేను ఫ్లాపీలు పంపుతున్నా. అన్నీ ఎక్కించు.

గుఢియారీ
2-12-1999

మామయ్యా,

వందనాలు తర్వాత, ముందు కబురు వినండి.

రజాయిలు కప్పాం. పక్కింటి చాచీ చూసి "బిటియా, ఇసే బుఖార్ హై క్యా?" అని, జ్వరమనుకుని దానికి తులసి కషాయం తెచ్చింది. తెర రావడానికి కందిపప్పు ఉడికినంత సేపు పట్టింది.

నేను రోజూ కేలండరు మీద రాసుకుంటున్నాను: టీ, అన్నం, పప్పు. అమ్మ అదే కేలండరు మీద మీ పార్సిళ్ళు అందిన తేదీలు చుట్టి పెడుతుంది. మొన్న రెండూ కలిపి చూశాను. 'టీ' కాస్తా 'అన్నం' అయింది మీ రెండో పార్సిలు అందిన మర్నాడు. 'అన్నం' 'పప్పు' అయింది మూడోది అందిన మర్నాడు. దుమ్మూ, గూడ్సూ రోజూ ఉన్నవే కదా! స్విచ్చి వేసిన ప్రతిసారీ పాపం అది తొమ్మిది వందల రకాల అక్షరాలనీ పేరుపేరునా పలకరించి గానీ లేవడం లేదు.

కెలికాను. రెండు ఉంచి, మిగతావన్నీ తీసేశాను.

నిన్న సేఠ్ మనిషి తాడుతో వచ్చాడు. "ఒక్క నిమిషం నాన్నగారూ" అని, అమ్మ మూకుట్లో అప్పడం వెయ్యగానే స్విచ్చి నొక్కాను. అప్పడం తిరగేసేలోపు తెర వెలిగింది! నాన్నగారు అప్పడం వంకా, తెర వంకా చూసి, "భాయీ, తాడు తీసుకుపో. యే నహీ జాయేగా" అన్నారు. ఆ అప్పడం సేఠ్ మనిషి తిన్నాడు.

విజయ

తా.క.: మీ ముప్పై ఫ్లాపీలు వాపసు పంపుతున్నాను. పప్పు ఉడికాకే అయినా రోజూ కూర్చుని పూర్తి చేసిన పాటల పుస్తకం పైన పెట్టాను. చెప్పులు విప్పి చదవండి.

ఏలూరు
11-12-1999

ఇంజనీరు విజయకుమారి గారికి,

మామయ్య నమస్కరించి రాయునది. ఇక దాచి లాభం లేదు. ఆ కంప్యూటరు నెమ్మదిగా ఉందనే మీకు పంపి కొత్తది కొన్నాను. ఆ ఫాంట్లన్నీ దీన్లోనూ ఎక్కించాను. ఇప్పుడు దీని స్విచ్చి వేసి స్నానం చేసి, ప్రార్థన ముగించి వస్తున్నా. దీనికీ రెండు రజాయిలు కప్పే ఉన్నాయి. నీ ఉత్తరం చూసి మీ అత్త అప్పడాల డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. ఏవి తీసెయ్యాలో వెంటనే రాయి, తల్లీ.

మామయ్య

తా.క.: నీ పుస్తకం చూసి మా పాస్టరుగారు ఏలూరు చర్చికి రెండు వందల ప్రతులు రాయపూర్ నుంచే తెప్పించమన్నారు. ఇంత మంచి తెలుగు అక్షరం ఈ ఊళ్ళో దొరకదట.