ప్రజలు గీసిన నగరం

అక్కా,

కులాసాగా ఉన్నావా అని అడిగే మొహం కూడా నాకు లేదు.

ఆ రోజు మున్సిపాలిటీ వాళ్లు మిమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి, రంగు పెన్సిళ్లిచ్చి, రేపటి ఊరు ఎలా ఉండాలో గీయమన్నారు కదా. నువ్వు మీ సందులో ఆడవాళ్లకి మరుగుదొడ్డి గీశావు, తలుపుకి గడియతో సహా. మీరు గీసినవాటిని ఆఫీసు గోడ మీద పెద్దగా వేసే పని నాకే వచ్చిందని మురిసిపోతూ నీకు ఉత్తరం రాశాను.

తీరా వెళ్తే ఇంజనీరు మీ కాగితాలు విప్పనే లేదు. అచ్చేసిన బొమ్మ ఒకటి చేతికిచ్చి, "ఇది గోడ మీద దించవయ్యా" అన్నాడు. అందులో మీ సందే లేదు. ఆ చోట ఫౌంటెన్ ఉంది.

"మరి వాళ్లు గీసినవో, సార్?"

"గీసుకున్నారుగా, ముచ్చట తీరింది. కింద 'ప్రజలు గీసిన నగరం' అని రాయి. అక్షరాలు పెద్దగా ఉండాలి."

రాశాను అక్కా. నా చేతిని చూస్తే నాకే రోత పుడుతోంది.

మీ కాగితాలు బీరువా వెనక చెమ్మలో పడి ఉంటే ఏరుకొచ్చాను. అన్నీ దీంతో పంపుతున్నాను. సోమవారం పదింటికి ఆ గోడ ముందు రిబ్బన్ కత్తిరిస్తారు. ఎవరి బొమ్మ వాళ్లు పట్టుకుని అందరూ రండి. ఆ అక్షరాలు రాసిందెవరని అడిగితే నన్నే చూపించు. అక్కడే నిలబడి ఉంటాను.

నీ తమ్ముడు