గోడ మీద మా వసంత్

అమ్మా మాలినీ,

నువ్వూ పాపా కంబంలో మీ పుట్టింట సుఖమని తలుస్తాను. తల్లీ, సంతోషమైన కబురు! మన వసంత్ సర్కారు మనిషయ్యాడు! కరెంటు ఆఫీసు నుంచి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఆయుధపూజలోగా వచ్చి చేరమన్నారు. అది పాత జాబితాట, వాడి పేరు కొట్టెయ్యడం మరిచారట. మరిస్తేనేం!

వాడు స్తంభం మీంచి పడి ప్రాణం వదిలిననాడు ఆఫీసువాళ్లు "కాంట్రాక్టరు మనిషి" అన్నారు. కాంట్రాక్టరేమో "స్తంభం సర్కారుదే కదా" అన్నాడు. నా బిడ్డ ఎవరికీ కాకుండా పోయాడు. పోయినేడు ఆయుధపూజకు ఆఫీసులో, పనిలో పోయినవాళ్ల ఫోటోలకు గంధం పెడుతుంటే నేనూ దండ పట్టుకెళ్లాను. "వసంత్ మన ఆఫీసు ఆళు కాదే నైనా, ఏం చేసేది?" అన్నాడు ఫోర్‌మన్ దురైసామి. వాళ్ల మనిషి కాదట! ఆ దండ వాడు పడిన స్తంభానికే కట్టి వచ్చాను.

ఈరోజు ఆర్డరు చూపించాను. దురైసామి కళ్లు తుడుచుకుని, "ఇంక మన ఆళే నైనా, ఫోటో ఎత్తుకురా" అన్నాడు. గోడకు మేకు కూడా కొట్టేశాడమ్మా!

వాడు నవ్వుతున్న ఫోటో నువ్వు తీసుకెళ్లావు. ఇవ్వడం కష్టమే, నాకు తెలుసు. అయినా పూజకు అందేలా పంపు తల్లీ. ఉద్యోగంలో చేరే రోజే వాడు ఆలస్యంగా వెళ్లకూడదు కదా.

మీ మామ