నాలుగింటి గాలి

కార్ఖానా, సికింద్రాబాద్
శనివారం మధ్యాహ్నం

ప్రియమైన మేరీ అక్కకి,

నీ చెల్లెలు సుగుణ ప్రేమతో వందనాలు చెప్పి రాసేది. దేవుడి దయవల్ల ఇక్కడ నేను, నీ మరిది, రూతు ముగ్గురం బాగున్నాం. నాన్న దగ్గు తగ్గిందా? బావగారు, పిల్లలు ఎలా ఉన్నారు? ముందే చెబుతున్నా, రూతు బాగుంది, ఒంటి మీద గీత కూడా పడలేదు. ఫోన్లో చెబితే సగంలోనే ఏడుపు లంకించుకుంటావు, నీ ఏడుపు విని నాన్న కంగారు పడతాడు. అందుకే కాగితం మీద పెడుతున్నా. తాపీగా చివరిదాకా చదువు.

పోయిన ఆదివారం అన్నావు కదా, "ఆ ఊళ్ళో నీకెవరున్నారే? ఏదన్నా అయితే పలికే దిక్కేది? పిల్లని తెచ్చి నా దగ్గర వదిలెయ్, ఇక్కడే బళ్ళో వేద్దాం" అని. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. నిజం చెప్పాలంటే సగం మనసు ఒప్పేసుకుంది కూడా. మంగళవారం జరిగింది చెబుతా, విను.

ఇక్కడి ఎండ మన ఎండ కాదక్కా. మన నర్సాపురంలో చెమటకి జాకెట్టు ఒంటికి అతుక్కుపోతుందా, ఇక్కడ చెమటే పట్టదు. పెదాలు పగులుతాయి. చీర ఆరేసి వెనక్కి తిరిగేసరికి ఆరిపోతుంది. మాగాయకి ముక్కలు కోసి డాబా మీద పోస్తే, మనకి మూడెండలు పట్టేది ఒక్క ఎండకే గలగలలాడాయి. అబ్బో అని మురిసిపోయి రెండో వాయి కూడా పోశాను.

మంగళవారం పొద్దున నీ మరిది ఇడ్లీ తింటూ ఫోన్లో వాతావరణం చదివారు. సాయంత్రం ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులంట, గాలిలో తేమ పెరుగుతుందంట. "ముక్కలు లోపల పెట్టెయ్" అన్నారు. నాకు నవ్వొచ్చింది. "ఉక్కపోత లేకుండా వానేంటండీ? మా ఊళ్ళో రెండ్రోజులు ఉడకబెడితే గాని చినుకు రాలదు" అన్నా. "నీ ఇష్టం" అని ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు.

నాలుగింటికి గాలి మళ్ళింది. అప్పటిదాకా పొయ్యి దగ్గర నిలబడ్డట్టుందా, ఒక్కసారి చల్లబడిపోయింది. ప్రాణం లేచొచ్చిందనుకో! మన వీధిలో నాలుగింటికి సముద్రం మీంచి పైరగాలి తిరగ్గానే ఏం చేస్తాం? దువ్వెనలు, కొబ్బరినూనె పట్టుకుని ఆడవాళ్ళందరం అరుగుల మీదకి చేరతాం కదా. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. చాప, దువ్వెన, నూనె గిన్నె పట్టుకుని, రూతుని వెంటేసుకుని డాబా ఎక్కేశా. సముద్రం ఎక్కడ, కార్ఖానా ఎక్కడ! ఆ మాట బుర్రకి తట్టనేలేదు.

మా ఇంటిగలావిడ ఖాసింబీ అమ్మ సంగతి నీకు చెప్పలేదు. కింద వాటాలో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయాయి. మేమొచ్చినప్పటినుంచి మా గుమ్మం తొక్కింది లేదు. రంజాన్‌కి సేమ్యా పాయసం కూడా బుట్టకి తాడు కట్టి పైకి లాక్కోమంది. ఆవిడ కిందనుంచి కేకేసింది.

"సుగుణమ్మా! పైన ఏం జేస్తున్నవ్? దిగు, జల్ది దిగు!"

"చల్లగా ఉందమ్మా! పిల్లకి జడేస్తున్నా!"

"గది చల్లగాలి గాదు బిడ్డా, గాలిదుమారం! పిల్లను దీస్కొని కిందికి రా!"

నేను వింటేనా? "ఒక్క జడే మిగిలిందమ్మా" అన్నా. పెద్దావిడ చాదస్తం అనుకున్నా.

కాసేపటికి మెట్ల మీద రొప్పుతున్న చప్పుడు. గోడ పట్టుకుని, అల్లా అల్లా అనుకుంటూ, డాబా దాకా ఎక్కి వచ్చేసిందక్కా! రూతు రెక్క పట్టుకుని, ఒంటి జడతోనే లాక్కెళ్ళింది. వెనకాలే నేను. మెట్ల మలుపు తిరిగామో లేదో, పైన ఢామ్మని చప్పుడు. నీళ్ళ ట్యాంకు మీద కప్పిన రేకు లేచొచ్చి మా చాప మీద పడింది. తర్వాత చూస్తే నూనె గిన్నె అప్పడమైపోయి ఉంది. ఏడవకు, బాగున్నాం అని ముందే చెప్పానా!

ఇక ఆవిడ గుమ్మంలోంచి నేను చూసింది ఎలా చెప్పను? మన దగ్గర మబ్బు సముద్రం మీద దూరాన కనబడి, తీరిగ్గా నడిచొస్తుంది. ఇక్కడ ఇళ్ళ వెనకనుంచి ఒక్కసారి లేచి నిలబడింది. ఆకాశం ముందు ఇటుక రంగు, ఆ పైన నేరేడుపండు రంగు. కంటోన్మెంటు వైపు చెట్లన్నీ ఒకేసారి వంగిపోయాయి. ఒక మెరుపు ఆరకముందే ఇంకోటి. ఉరుము కాళ్ళకింద గచ్చులో తెలిసింది. తర్వాత వడగళ్ళు! నడి ఎండాకాలంలో మంచుగడ్డలే తల్లీ, ఆటోల మీద టపటపా టపటపా! వీధంతా తెల్లబడిపోయింది. నేను యేసయ్యా అంటుంటే ఆవిడ యా అల్లా అంటోంది, రూతు మధ్యలో కూర్చుని "ఇంకా, ఇంకా" అని చప్పట్లు. ఇంత ఆకాశాన్ని కదిపినవాడు మమ్మల్ని ఇంత చిన్న గుమ్మంలో దాచాడే అని కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

మర్నాడు ఏమైందో తెలుసా? ఉక్కపోసింది! మనకి ముందు ఉక్క, తర్వాత వాన. ఇక్కడ వాన వెలిశాక ఉక్క. ఇంట్లో అందరూ విసుక్కుంటుంటే నేను మాత్రం చెమట తుడుచుకుంటూ మన ఊరొచ్చినట్టే సంబరపడ్డా. వచ్చే వారమంతా ఇంతేనంట, పగలు ఎండ, సాయంత్రం ఉరుములు. ఇప్పుడు ఆయన చదువుతుంటే చెవులప్పగించి వింటున్నా.

మాగాయ మొత్తం గాలిపాలు. నవ్వకు. నీ దగ్గరుంటే రెండు సీసాలు పంపు, ఒకటి ఖాసింబీ అమ్మకి. నాన్న మోకాళ్ళకి రాసుకునే తైలం కూడా పంపు. పాపం, డాబా ఎక్కినందుకు ఆవిడ రెండ్రోజులు మంచం దిగలేదు. కాపడం పెట్టి, జావ కాచి ఇచ్చా.

రూతుని పంపనక్కా. కోపం తెచ్చుకోకు.

నాన్నకి, పెద్దమ్మకి మా వందనాలు, పిల్లలకి ముద్దులు. కుటుంబ ప్రార్థనలో మా పేర్లతోబాటు ఖాసింబీ అమ్మ పేరు కూడా ఎత్తండి. మోకాళ్ళ సంగతి చెప్పి మరీ అడగండి. మీ అందరి దీవెనలే మాకు కొండంత అండ.

నీ చెల్లెలు,
సుగుణ

తా.క.: ఉత్తరం మడుస్తుంటే నాలుగైంది, గాలి మళ్ళింది. కిందకి తొంగి చూస్తే ఖాసింబీ అమ్మ పెరట్లోంచి డాబాకి పోయే మెట్ల దగ్గర, మొదటి మెట్టుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇదేంటమ్మా అని అడిగా. "ఇగ నేను ఎక్కలేను బిడ్డా, గందుకే నిన్ను ఎక్కనియ్య" అంది.