మేకు దిగిన చోటు

ప్రియమైన చెల్లాయికి,

కొత్త గుడారం కుట్టడం పూర్తయిందని రాశావు, సంతోషం. నాలుగేళ్ళుగా వాయిదా పడుతున్న మన మకాం ఈసారి తప్పదన్నమాట. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఈ రిజర్వాయర్ నీటిమట్టం కొలిచినవాణ్ణి కాబట్టి చోటు ఎంచే పని నాకప్పగించావు. మూడు ఎంచాను.

మొదటిది తూర్పు గట్టు. పొద్దున్నే నీళ్ళమీద పొగమంచు లేస్తుంటే టీ చల్లారిపోయినా తెలీదు. రెండోది కొండ నడుమ, పైన్ చెట్ల కింద. అక్కడ రెండు కొంగలు కాపురముంటున్నాయి. మొగుడు కొంగ ఒంటికాలి మీద నిలబడి పెళ్ళాం చెప్పేది వింటుంది. మా పాత ఇంజనీరుగారు కూడా అంతే, వాళ్ళావిడ ఫోన్ చేస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవారు. సరే, ఆయన సంగతెందుకు. మూడోది శిఖరం కింద చదును.

ఏది కావాలో చెప్పు. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళిచ్చిన దుర్భిణి తుడిచిపెట్టాను, కొంగల్ని నీకూ చూపిస్తా.

నీ కొలతల అన్నయ్య

*

అన్నయ్యకి,

కొంగల కాపురం బాగుంది. గుడారం వెయ్యాల్సింది వాటి వీపుమీద కాదు కదా! నేల సంగతి రాయి. మేకు దిగుతుందా, రాయి తగులుతుందా? గాలి ఎటునుంచి కొడుతుంది? మట్టి తడివాసన వేస్తోందా? గుడారాలు కుట్టి బతికేదాన్ని, నాక్కావలసింది అదీ.

ఇంకో మాట. మొదటేడు గాలన్నావు, రెండోయేడు బురదన్నావు, ఆ తర్వాత ఎలుగుబంటన్నావు, పోయినేడు ఏమీ అనకుండానే ఊరుకున్నావు. ఈ గుడారం తమకిమ్మని కొండలెక్కే క్లబ్బువాళ్ళు అడుగుతున్నారు. ఈసారీ తప్పించుకున్నావో, ఇచ్చేస్తాను. మళ్ళీ కుట్టేది లేదు, నా కళ్ళు సూదితో మాట్లాడ్డం మానేశాయి.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లాయికి,

కోపం తగ్గించు తల్లీ. నేలంటావా, చూడ్డానికి బ్రహ్మాండం, ఎర్రగా నున్నగా ఉంది. గాలంటావా, ఆకులు కదులుతున్నాయి కాబట్టి ఉన్నట్టే. వాసన... చుట్టూ అంత పచ్చగా ఉంటే పచ్చివాసనే వస్తుందనుకో.

అన్నట్టు, గురువారం ఒక వింత. రెండో చోట ఒక లావుపాటి సర్వేయరమ్మ ప్రత్యక్షమైంది. తలకి తువ్వాలు చుట్టి, సుత్తితో నేలని బాదేస్తోంది. కొంగలు లేచిపోయాయి. కేకేశాను, పలకలేదు. బాతు కొండెక్కినట్టు ఆ నడకా ఆవిడానూ! మా రోజుల్లో సర్వేవాళ్ళు చెట్టుకింద పడుకునే అంకెలు వేసేసేవారు, ఈవిడ పాపం నిజంగానే కొడుతోంది. తర్వాత ఎటు పోయిందో, ఎంత వెతికినా కనబడలేదు.

అక్కడేదో కట్టబోతున్నారేమో. ఈ ఏడు ఆగితేనే మంచిదేమో, ఆలోచించు.

నీ అన్నయ్య

*

అన్నయ్యకి,

ఆ లావుపాటి సర్వేయరమ్మని నేనే.

నీ మొదటి ఉత్తరంలో అన్నీ కనిపిస్తాయి, ఒక్కటీ వినిపించదు. నిజంగా కొంగ పక్కకి వెళ్ళినవాడివైతే దాని అరుపు గురించి నాలుగు పేజీలు రాయకుండా ఉంటావా? అనుమానమొచ్చి బస్సెక్కాను. మూడు చోట్లా మేకు కొట్టాను, మూడు చోట్లా రాయే.

కిందికి దిగి నీ గేటు దగ్గరికొచ్చాను. వరండాలో స్టూలు మీద కాలు, మోకాలికి కట్టు, పక్కన చేతికర్ర, కళ్ళకి దుర్భిణి. నాలుగేళ్ళ గాలీ, బురదా, ఎలుగుబంటీ అన్నీ ఆ స్టూలు మీదే ఉన్నాయి. నువ్వు నా నెత్తి మీదుగా ఇంకా కొండమీది సర్వేయరమ్మని వెతుకుతున్నావు. పిలిస్తే ఏదో ఒక కథ చెప్పి మరిపిస్తావని పిలవలేదు.

కాళ్ళ సంగతి తెలిస్తే మా ఇంటికి లాక్కుపోతానని, ఈ నీళ్ళకి దూరం చేస్తానని భయపడ్డావు కదూ? మా మూడో అంతస్తు ఇంట్లో నీ కథలన్నీ నేనొక్కదాన్నే వినాలా? నా వల్ల కాదు.

నీ వరండా మెట్ల ముందు, నీళ్ళవైపు, కాస్త గడ్డినేల ఉంది చూడు. దుర్భిణికి అందనంత దగ్గర. రెండు దెబ్బలకే మేకు దిగింది. ఆ చప్పుడుకీ నువ్వు కొండకేసే చూశావు! దాన్ని పీకకుండా వదిలేశాను. వచ్చే నెల మొదటి శనివారం గుడారంతో వస్తున్నాను.

నీ బాతు

*

చెల్లాయికి,

మేకు చూశాను. ఈ నీళ్ళు ఎంత నిండినా అక్కడిదాకా రావు, ఆ పూచీ నాది. వరండా నుంచి సరిగ్గా ఇరవైరెండు అడుగులు.

నడిచే కొలిచాను.

నీ అన్నయ్య