ఇరవై ఒకటో తల

పూజ్యురాలైన అక్కగారికి, తలలు లెక్కపెట్టి జీతం తీసుకునే తమ్ముడు సవినయంగా విన్నవించుకునేది:

నిన్న మీ అందరినీ వీధిలో నిలబెట్టి, సీలు వేయకుండానే ఎందుకు వెళ్లిపోయామని అడిగావు.

ఇంట్లో ప్రార్థనకు ఇరవై మందికి మించి చేరితే ఆ ఇంటికి సీలు వేయాలన్నది చట్టం. మీ ముందుగదిలో హాజరు పుస్తకంలో సంతకాలు ఇరవై, కుర్చీలు ఇరవై, తలలు మాత్రం ఇరవై ఒకటి. నన్ను కలుపుకోలేదు, నా తల లెక్కలోకి రాదని నాన్న ఎప్పుడో తేల్చేశారు.

"ఏం చదివావురా నువ్వు?" అని మా ఆఫీసరు తనే లెక్కపెట్టాడు. ఇరవై ఒకటే. అందరినీ బయటికి పంపమన్నాడు. గుమ్మం దగ్గర ఒక్కొక్కరినీ లెక్కపెట్టి పంపాను. ఇరవై మందే వచ్చారు.

ఆయన లోపలికి తొంగిచూసి, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు. "ఒకాయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడురా" అన్నాడు. నేనూ చూశాను.

మనిషి లోపలుండగా సీలు వేయకూడదన్నదీ ఆ చట్టమే. అందుకే వెళ్లిపోయాం. రేపు పొద్దున మళ్లీ వస్తాం. ఆయనెవరో నేనడగను అక్కా. ఎవరు పిలిచినా బయటికి మాత్రం రావద్దని చెప్పు.

మళ్లీ లెక్కపెట్టే ధైర్యం లేని,
నీ తమ్ముడు